తెల్ల పిట్టల పసుపు

నన్ను ఎవరైనా ఆంటీ అంటే ఒళ్లు మండేది. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే పిలిచినా మండేది, లాబ్‌లో తెల్లకోటు వేసుకుని నిలబడి ఉండగా పిలిస్తే మరీనూ. నాకు డాక్టరేట్ ఉంది. హైదరాబాద్‌లో ఆరేళ్లపాటు బంతిపూల రేకులు నూరి, వాటిలోని పసుపురంగును విడదీసి, రాసి, మళ్లీ రాసి తెచ్చుకున్న డాక్టరేట్. వర్జీనియాలోని ఈ యూనివర్సిటీకి వచ్చాక దాన్ని గురించి అడిగినవాళ్లు లేరు. పదకొండేళ్లుగా నేనిక్కడ టెక్నీషియన్ని.

మా లాబ్‌లో పని పిట్టల రంగుమీద. కెనరీ పిట్ట పచ్చగా ఉంటుంది కానీ ఆ పసుపు దానిది కాదు. పిట్ట ఒంట్లో ఆ రంగు తయారుకాదు. మొక్కలు తయారుచేస్తాయి. పిట్ట గింజలో, ఆకులో దాన్ని తిని, లోపల కొంచెం మార్చుకుని ఈకల్లోకి పంపుతుంది. ఎలా పంపుతుందన్నది మా ప్రశ్న. దానికోసం కొన్ని కెనరీలను పిల్లలుగా ఉన్నప్పటి నుంచే ఆ రంగు లేని మేతమీద పెంచుతాం. పాత ఈకలు రాలి కొత్తవి వచ్చేసరికి అవి తెల్లగా, నానబెట్టిన బియ్యంలా తేలతాయి. కడుపు నింపుతాం, రంగు మాత్రం దక్కనివ్వం. మేత కలిపేది నేనే. కాళ్లకు నంబర్ల రింగులు తొడిగేది నేనే. పిట్టలకు పేర్లు పెట్టకూడదన్నది లాబ్ నియమం. ఎందుకో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు.

చంపేది కూడా నేనే. మా ప్రొఫెసర్ మెత్తగా మాట్లాడే మనిషి. బయటినుంచి ఎవరొచ్చినా నన్ను చూపించి, ఈ రాష్ట్రంలోకెల్లా మంచి చేతులు ఈమెవి అని చెప్పేవాడు. చేతులపైన తల కూడా ఒకటి ఉంటుందని ఆయనకు ఏనాడూ తట్టినట్టు లేదు. నేను నవ్వేదాన్ని. వచ్చినవాళ్లు నా చేతులవంక చూసేవాళ్లు.

అలాంటి చోటికి ఆ పిల్ల వచ్చింది. పీహెచ్‌డీ మొదటి సంవత్సరం. పుట్టిందీ పెరిగిందీ ఇదే రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌లో. అమ్మా నాన్నా ఇద్దరూ సాఫ్ట్‌వేర్. మొదటిరోజే నా స్టూల్ దగ్గరికి వచ్చి, "హాయ్ ఆంటీ, మీరు తెలుగా? మా మామ్ పులిహోర పంపింది" అని డబ్బా చేతిలో పెట్టింది. చింతపండు పులుపు సరిగ్గా పడిన పులిహోర. మొత్తం తిన్నాను. తింటూనే ఆ పిల్లంటే నాకు ఏడుపు మొదలైంది. దానికి ఇరవై మూడేళ్లు. నేను పదకొండేళ్లలో ఎక్కలేని మెట్టుమీద అది మొదటిరోజే నిలబడి ఉంది, పైగా అది మెట్టని కూడా దానికి తెలియదు.

తెల్ల పిట్టల్ని మొదటిసారి చూసినప్పుడు దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంచెం కొత్తిమీర పెడితే ఏమవుతుంది అని అడిగింది. అప్పుడు గదిలో ఇద్దరు డిగ్రీ విద్యార్థులు ఉన్నారు. వాళ్ల ముందు పకపకా నవ్వాను. కొత్తిమీరతో పాటు రసం కూడా పెడదాం, అన్నం వండుకురా అన్నాను ఇంగ్లిష్‌లో, వాళ్లకు కూడా అర్థమయ్యేలా. వాళ్లూ నవ్వారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. అయినా మర్నాడు మళ్లీ హాయ్ ఆంటీ అంది. సిగ్గూ లేదు, కోపమూ లేదు. అదే నా ఒళ్లు మరీ మండించేది. తిడితే తిట్టించుకుని మళ్లీ నవ్వే మనిషిని ఏం చేయగలం?

తెల్ల పిట్టలు మొత్తం పన్నెండు. వాటిలో మూడింటికి పాదాల కింద పుండ్లు పడ్డాయి. ప్లాస్టిక్ కొమ్మలమీద రోజంతా నిలబడితే పడతాయి. పిట్టకు ఏ మందు వేయాలన్నా కాగితం రాయాలి, పశువుల డాక్టర్ వచ్చి చూడాలి, ఆవిడ వచ్చేది గురువారం. ఆ పిల్ల సోమవారం కాగితం రాసింది. మంగళవారం పొద్దున నేను మేత బకెట్‌తో వెళ్తూ పిట్టల గది తలుపు అద్దంలోంచి చూశాను. పిల్ల కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న స్టీల్ డబ్బా. ఎడమచేతిలో పిట్టను వెల్లకిలా పట్టుకుని, కుడిచేత్తో చెవిపుల్ల దూదిని డబ్బాలో ముంచి పాదానికి అద్దుతోంది. నువ్వులనూనెలో కాచిన పసుపు. ఆ డబ్బా నాకు తెలుసు. మోకాలు గీరుకుపోయినా, వేలు తెగినా వాళ్లమ్మ రాసేదట, చిన్నప్పటి నుంచీ తన బ్యాగ్‌లోనే ఉంటుందని ఒకసారి చూపించింది.

అది తప్పు. కాగితంలో రాయని పదార్థం ఏదీ పిట్టకు తగలకూడదు. లోపలికి వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. దొరికితే తిట్లు తింటుంది, తిననీ అనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. దాని స్థానంలో నేనుంటే నా చెయ్యీ ఆ డబ్బామీదికే పోయేది. పేపర్ కట్టర్‌తో బొటనవేలు కోసుకున్నప్పుడు లాబ్‌లోని మందుల పెట్టె వదిలేసి ఇంటికెళ్లి పసుపే అద్దుకున్నదాన్ని నేను. అది నాలాగే ఉండటం కూడా నాకు నచ్చలేదు. బకెట్ తీసుకుని వెనక్కి వచ్చేశాను.

గురువారం డాక్టరమ్మ వచ్చేసరికి పుండ్లు ఎండిపోయాయి. మందు అక్కర్లేదని రాసి వెళ్లింది. ఆ మూడింటిలో నలభై ఒకటో నంబరు పిట్టకు ఒక వేలు పుట్టుకతోనే లేదు. ఆ వారం నుంచి అది పిల్ల చెయ్యి పెడితే చాలు వచ్చి వేలుమీద కూర్చునేది. పేరు పెట్టకూడదు కాబట్టి ఆ పిల్ల దాన్ని ఫార్టీ వన్ అనే పిలిచేది, కానీ పేరు పిలిచినట్టే పిలిచేది.

కొత్త ఈకలు వచ్చే కాలం అది. నెలన్నర గడిచాక పన్నెండింటి నుంచీ కడుపు కింది ఈకలు పీకాం. ఒక్కో పిట్టనుంచి వచ్చే నాలుగు ఈకలతో ఏ పరీక్షా చాలదు కనుక మా లాబ్‌లో అన్నింటినీ కలిపేస్తాం. తెల్లవాటివన్నీ ఒక సీసాలో, పచ్చవాటివన్నీ ఇంకో సీసాలో. తర్వాత ఈకలమీది జిడ్డు, దుమ్ము పోవడానికి పెట్రోల్ వాసన వచ్చే ఒక ద్రావకంతో కడుగుతాం. అది నూనెను తీసుకుపోతుంది. పసుపును మాత్రం ముట్టుకోదు. అప్పుడా సంగతి ఎవరికీ తట్టలేదు. కడిగింది నేనే. రంగు దించి మిషన్లో పెట్టింది కూడా నేనే.

తెల్ల ఈకల సీసాకు మిషన్ గీసే గీత చదునుగా రావాలి. రాలేదు. మధ్యలో ఒక బొడిపె లేచింది. ప్రొఫెసర్ వచ్చి తెరమీద చూశాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, మళ్లీ చూశాడు. లేచి వెళ్లి తలుపు మూశాడు. చిలుకలు మొక్కల సాయం లేకుండా సొంతంగా పసుపురంగు తయారుచేసుకుంటాయి. కెనరీ కూడా అలా చేయగలిగితే, మనం రంగు దక్కకుండా చేస్తేనే ఆ గుణం బయటపడితే, పాఠ్యపుస్తకాలు మార్చాలని అన్నాడు. పిట్టల్ని తెచ్చి కడుపు కింద ఊది చూశాం. కొన్నింటికి అక్కడి ఈకల మొదళ్లలో ఉందా లేదా అన్నంత లేత పసుపు.

పిట్ట నిలబడినప్పుడు ఆ ఈకలే పాదాలను కప్పుతాయి. నేను ఆ బొడిపె చూడగానే గుర్తుపట్టాను. బంతిపూల రంగు గీసే గీత మూడు వేళ్లు ఎత్తిపట్టినట్టు ఉంటుంది. ఇరవై నాలుగేళ్ల వయసు నుంచి చూస్తున్నాను దాన్ని. ఇది బోర్లించిన గిన్నెలా ఒకటే గుండ్రటి వంపు. అందరూ భోజనానికి వెళ్లాక సీసాలోంచి రెండు చుక్కలు తీసి తెల్ల పింగాణీ పలకమీద వేశాను. పక్కనున్న క్షారం సీసా నుంచి ఒక చుక్క కలిపాను. ఎర్రగా తిరిగింది. మా ఇళ్లల్లో హారతికి పసుపునీళ్లలో సున్నం వేస్తే తిరిగే ఎరుపు. పలకను టిష్యూతో తుడిచి, దాన్ని వ్యర్థాల డబ్బాలో వేశాను. సోమవారం మీటింగ్‌లో చెబుదాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

సోమవారం మీటింగ్‌లో ప్రొఫెసర్ ఆ పనిని ఆ పిల్ల చేతిలో పెట్టాడు. ఇక అదే దాని థీసిస్. శాస్త్రవేత్తల పెద్ద సభకు పంపబోయే సంగ్రహం తెరమీద చూపించాడు. మూడు పేర్లున్నాయి. మొదట ఆ పిల్లది, మధ్యలో వేరే ఊళ్లో ఉన్న ఆయన స్నేహితుడిది, చివర ఆయనది. నా పేరు కింద కృతజ్ఞతల్లో ఉంది, గింజల బస్తాలు తెచ్చే అతని పేరు పక్కన. మీటింగ్ అయ్యాక ఆయన గదికి వెళ్లి అడిగాను. ఆయన చాలా దయగా మాట్లాడాడు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు కదా, ఆ అమ్మాయి ఇప్పుడే మొదలుపెట్టింది, ఆమెకు ఒక కథ కావాలి అన్నాడు.

ఉంచుకోనీ కథ అనుకుని నోరు మూసుకున్నాను.

నా హెచ్‌వన్ వీసా కాగితాలమీద సంతకం పెట్టేది ఆయనే కనుక భయపడి ఊరుకున్నానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. చాలామందికి అలాగే చెప్పాను కూడా. అది అబద్ధం. నాకు భయం వేయలేదు. కడుపు మండింది. ఆయన నలుగురిలో పరువు పోగొట్టుకుంటే చూడాలనిపించింది. ఆయన కూలితే ముందు ఎవరు నలుగుతారో నాకు తెలుసు. ఆయనకు కుర్చీ ఉంటుంది, పేరుంటుంది. రెండో ఏడాదిలో ఆ పిల్లకు ఒక పెద్ద పరీక్ష ఉంది. అయిదుగురు ప్రొఫెసర్ల ముందు నిలబడి తన పని నిజమని నిరూపించుకోవాలి. తప్పితే పీహెచ్‌డీ లేదు. తెలిసే ఊరుకున్నాను.

ఆ పిల్లకు అనుమానం రాలేదా అని ఎవరైనా అడగొచ్చు. పసుపు పాదాలకు రాసింది, రంగు ఈకల్లో వచ్చింది. ఈకలు పన్నెండు పిట్టలవీ కలిపేశాం కనుక మూడింటివి మాత్రమే పచ్చబడ్డాయని మిషన్లో కనిపించలేదు, కంటికి కనిపించిన ఆ లేత రంగు దేనికుందో దేనికి లేదో తేల్చి చెప్పలేం. పైగా పిట్టలు రోజూ నీళ్లలో మునుగుతాయి. అన్నింటికంటే, సంతోషంగా ఉన్న మనిషి తవ్వి చూసుకోదు. అయినా ఒకసారి అడిగింది. ఆ ఒక్కసారి నాకు బాగా గుర్తు. గీతలు అచ్చుతీసుకుని నా పక్కన నిలబడి, "ఆంటీ, ఇది రియల్ అంటారా? కంటామినేషన్ అయ్యే ఛాన్స్ లేదు కదా?" అంది.

ఈకలు లేకుండా ఉత్త ద్రావకం నడిపి చూశావా అని అడిగాను. చూశానంది, శుభ్రంగా వచ్చిందంది. అయితే ఇంకేం, మిషన్ అబద్ధం చెప్పదు అన్నాను. పిల్ల ముఖం వెలిగిపోయింది. ఆ సాయంత్రం వాళ్లమ్మకు ఫోన్‌లో నా మాటే చెబుతుంటే విన్నాను. ఆంటీ కూడా రియల్ అన్నారు అని.

తర్వాతి మెట్టు చంపటం. రంగు ఒంట్లో ఎక్కడ తయారవుతోందో తెలియాలంటే చర్మం, కాలేయం తాజాగా కావాలి. పన్నెండూ కావాలి. ఒక మంగళవారం పొద్దున్నే బల్ల సర్దాను. మత్తుమందు డబ్బా, కత్తెరలు, పొగలు కక్కే చల్లటి నైట్రోజన్ ఉన్న ఫ్లాస్కు, పన్నెండు ట్యూబులు. పిల్ల గ్లవ్స్ వేసుకుని, తీసి, మళ్లీ వేసుకుంది.

"ప్లీజ్ ఆంటీ, మీరు చెయ్యండి. నా హ్యాండ్స్ షేక్ అవుతున్నాయి."

పదకొండేళ్లలో ఈ పని ఎంతమందికి చేసిపెట్టానో నాకే లెక్కలేదు. ఒక్కరిని కూడా నువ్వే చేసుకో అనలేదు. ఆ రోజు అన్నాను. థీసిస్ నీది, పిట్టలు నీవి, నువ్వే చెయ్యి అన్నాను. ఎలాగో చూపించడానికి మొదటి రెండూ నేను చేశాను. మత్తు డబ్బాలో పెట్టి, కదలిక ఆగాక తీసి, బొటనవేలూ చూపుడువేలూ మెడ దగ్గర ఎక్కడ ఆనించాలో, ఎటువైపు ఎంత లాగాలో చూపించాను. మంచి చేతులు. చప్పుడు కూడా రాదు. మూడోది ఆ పిల్ల చేసింది. సరిగ్గా పడలేదు. మళ్లీ చేయాల్సి వచ్చింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నాలుగోది బాగానే చేసింది. ఎనిమిదోదానికి ఏడుపు ఆగిపోయింది. పని నేర్చుకోవడం అంటే ఇదే, ఎనిమిదోసారికి ఏడుపు రాదు.

నలభై ఒకటిని చివరకు ఉంచింది. పంజరం తలుపు తీసి చెయ్యి పెట్టగానే అది మామూలుగా వచ్చి వేలుమీద కూర్చుంది. గ్లవ్ ఉన్న వేలు కనుక ఒకసారి జారి, సర్దుకుని, మళ్లీ కూర్చుంది. పిల్ల నావైపు చూసింది. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. ఆగు, అది పసుపు. మూడే మాటలు. చెప్పి ఉంటే ఆ ఒక్క పిట్ట బతికేది, ఆ పిల్ల కూడా అప్పటికి ఎలాగోలా బయటపడేది. గోడమీది గడియారం చూశాను. నైట్రోజన్ ఆవిరైపోతోంది, త్వరగా కానీ అన్నాను.

చేసింది. చాలా శుభ్రంగా చేసింది. ట్యూబుమీద నలభై ఒకటి అని గుండ్రటి అక్షరాలతో రాసింది. సింక్ దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. కడుక్కుని తుడుచుకుంటూ, "థాంక్యూ ఆంటీ, మీరు పక్కన లేకపోతే నేను చేసేదాన్ని కాదు" అంది.

అది వెటకారం కాదు. అంత తెలివి అప్పటికి దానికి లేదు. నిజంగానే అంది.

ఆ తర్వాత రెండు నెలలు పన్నెండు పిట్టల కాలేయాల్లో, చర్మాల్లో లేనిదాన్ని వెతికాం. నూరింది నేను, వెతికింది తను. ఏమీ దొరకలేదు. ఇంకా లోతుగా వెతకమన్నాడు ప్రొఫెసర్. పరీక్ష తేదీ పెట్టారు. పిల్ల సన్నబడింది. నాకు జాలేసిందా అంటే, వేసింది. జాలి వేసినా చెప్పలేదు. అప్పటికి చెప్పడం కష్టమైపోయింది, ఎందుకంటే చెబితే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.

పరీక్షకు మూడు వారాల ముందు, శనివారం, ఆష్‌బర్న్‌లో వాళ్ల అన్నయ్య గృహప్రవేశం. నన్ను తప్పకుండా రావాలంది. వాళ్లమ్మ కూడా ఫోన్ చేసి, మా అమ్మాయి రోజూ మీ గురించే చెబుతుందండీ అంది. మొహమాటానికి వెళ్లాను. ఒకేలా ఉన్న ఇళ్ల వరసలో మామిడాకులు కట్టిన ఇల్లు వెతుక్కుని కార్ పార్క్ చేశాను. అన్నయ్యా వదినా గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. పట్టు లంగా ఓణీలో పిల్ల హారతి పళ్లెం పట్టుకుని ఉంది. వాళ్లమ్మ అందులో నీళ్లు పోసి, పసుపు వేసి, పాన్ సున్నం డబ్బాలోంచి వేలి కొసతో కొంచెం తీసి కలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

పిల్ల పళ్లెంలోకే చూస్తూ ఉండిపోయింది. పళ్లెం వంగి ఎర్రనీళ్లు అంచుకు వచ్చాయి. సరిగ్గా పట్టుకోవే అని వాళ్లమ్మ గదిమింది. చుట్టూ ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. తను తల ఎత్తి ఆ గుంపులో ఎవరికోసమో వెతికింది. నేను చెప్పుల స్టాండ్ దగ్గర ఉన్నాను. తన చూపు నామీదికి వచ్చేసరికి వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాను. భోజనం చేయకుండా వచ్చేశాను.

సోమవారం మధ్యాహ్నం ఆ పిల్ల నా స్టూల్ దగ్గరికి వచ్చింది. చేతిలో రెండు కాగితాలు. ఒకదాని మీద ఇంకొకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి. ఒక గీత తెల్ల పిట్టల ఈకలది. ఇంకోటి స్టీల్ డబ్బాలోది.

"ఆంటీ, ఇది పసుపు."

చేతిలోని ట్యూబును స్టాండ్‌లో పెట్టాను.

"మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

మొదటి రోజునుంచి అన్నాను. ఏడుస్తుందని సిద్ధపడ్డాను. ఏడిస్తే ఏం చెప్పాలో కూడా ఆ రెండు రోజుల్లో కూర్చుకున్నాను. నియమాలు పాటించకపోతే ఇంతే, తప్పు చేసింది నువ్వు, ఇలాంటివి. అది ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఫార్టీ వన్‌ని నేను చేతిలోకి తీసుకున్నప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

కాగితాలు రెండూ మడిచి కోటు జేబులో పెట్టుకుని ప్రొఫెసర్ గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది. అరగంట. నేను సొరుగు తెరిచి నావి అన్నవి బయట పెట్టడం మొదలుపెట్టాను. క్యాలిక్యులేటర్, టీ పొడి డబ్బా, నా డాక్టరేట్ తాలూకు జిరాక్స్ కాపీ. అది ఎందుకు తెచ్చి పెట్టుకున్నానో గుర్తులేదు. పిల్ల బయటకొచ్చి నావైపు చూడకుండా వెళ్లిపోయింది. తర్వాత ప్రొఫెసర్ నన్ను లోపలికి పిలిచాడు.

లేచి నిలబడి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది కానీ మాటలో అదే మెత్తదనం. పసుపు రాసింది తానేనని, కాగితంలో రాయలేదని పిల్ల ఒప్పుకుందట. ఆ రంగు పసుపేనని గుర్తుపట్టింది మాత్రం నేనని చెప్పిందట. మీరు లేకపోతే అందరిముందూ నవ్వులపాలయ్యేవాణ్ణి అన్నాడు. నేను అక్కడ నిలబడి, పిల్ల చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడుందా అని వెతికాను. ఎక్కడా లేదు. అన్నీ నిజాలే చెప్పింది. తేదీ ఒక్కటే చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. థాంక్యూ అని బయటకొచ్చి, టీ పొడి డబ్బా మళ్లీ సొరుగులో పెట్టాను.

సభకు పంపినదాన్ని ఆయన వెనక్కి తీసుకున్నాడు. దాని బదులు, ఇంటి మందుల రంగులు ఈకల పరీక్షలను ఎలా పక్కదారి పట్టిస్తాయో హెచ్చరిస్తూ రెండు పేజీల వ్యాసం వేశాం. మొదటి పేరు నాది. పదకొండేళ్లలో అచ్చులో నా పేరు రావడం అదే మొదటిసారి. పిల్ల తన పేరు వద్దంది. పరీక్షకు కూర్చోలేదు. సంవత్సరం పోగొట్టుకుని పై అంతస్తులో నాచుమొక్కలమీద పనిచేసే లాబ్‌కు మారింది. అక్కడ చంపడానికి ఏమీ ఉండదు. ఇప్పుడు ప్రొఫెసర్ వచ్చినవాళ్లకు నా చేతులు చూపించడం మానేసి, ఈమె కంటినుంచి ఏదీ తప్పించుకోలేదు అని చెబుతున్నాడు. వచ్చినవాళ్లు నా కళ్లవంక చూస్తారు. పిట్టల గది తలుపుమీద, రాయని పదార్థం ఏదీ పిట్టకు తగలరాదు అని నా చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. లోపల కొత్తగా పన్నెండు తెల్ల పిట్టలు పెరుగుతున్నాయి.

ఆ పిల్ల అప్పుడప్పుడు లిఫ్ట్‌లో ఎదురవుతుంది. మొహం తిప్పుకోదు, అలా చేసినా బాగుండేది. మర్యాదగా పక్కకు జరిగి చోటిచ్చి, గుడ్ మార్నింగ్ డాక్టర్ అంటుంది. ఈ బిల్డింగ్‌లో నన్ను ఆ మాటతో పిలిచేది అదొక్కతే. నేనూ గుడ్ మార్నింగ్ అంటాను. ఆదివారాలు ఇండియన్ స్టోర్‌లో వెనకనుంచి ఎవరైనా ఆంటీ అంటే, ఆ పిల్లేమోనని చప్పున తిరిగి చూస్తాను.